మాట లేని చోట నవ్వు

కొత్తవలస హైస్కూల్లో తెలుగు చెప్పే అరుణశ్రీ టీచరుకి ఒక అలవాటుంది. క్లాసులో ఎవరైనా కిసుక్కుమంటే, ఎందుకు నవ్వారో చెప్పేదాకా పాఠం ముందుకు సాగనివ్వదు. కోపంతో కాదు, తనూ నవ్వుదామని. పుట్టుకతోనే ఆమెకు చూపు లేదు. తనకు తెలియకుండా నలుగురూ నవ్వుకోవడమంటే, తన విస్తట్లో ఏదో వడ్డించకుండా పంక్తి దాటిపోయినట్టు ఉంటుంది ఆమెకి.

అలాంటి మనిషిని ఒక నవ్వు ఏళ్ళ తరబడి సతాయించింది.

ఆ నవ్వు ఆమె విన్నది శృంగవరపుకోటలో. అప్పటికింకా ఉద్యోగం రాలేదు. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక సమాజం వాళ్ళు మైదానంలో పందిరేసి ‘రేవులో పేచీ’ అనే నాటకం ఆడారు. తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరు ఒకే పడవ కోసం దెబ్బలాడుకోవడం కథ. సర్దిచెప్పడానికి వచ్చిన ఊరిపెద్ద ఇద్దరి చేతా తిట్లు తింటాడు. మాటలు మంచి జోరు మీదున్నాయి. చాప మీద ముందుకు వంగి, ఒక్క ముక్క పోనివ్వకుండా వింటోంది అరుణశ్రీ. తగువు ముదిరి ముదిరి, చివరికి అన్న గట్టిగా అరిచాడు.

“అయితే పడవని సగానికి కోసీద్దాం రా!”

“కోసీద్దాం! నాకేటి బయ్యం?” అన్నాడు తమ్ముడు.

అంతే, ఇద్దరూ ఆగిపోయారు. ఊరిపెద్ద కూడా మాట్లాడలేదు. ఆ మౌనంలో జనం నవ్వడం మొదలుపెట్టారు. ఒక పక్క నుంచి చిన్నగా బయల్దేరిన నవ్వు మైదానమంతా పాకింది. చప్పట్లు, ఈలలు. కాసేపటికి అది సద్దుమణిగాక, అంతసేపూ గర్జించిన అన్న గొంతు తగ్గించుకుని, “సర్లే, రేపు మాటాడుకుందాం” అన్నాడు.

పక్కన కూర్చున్న ముసలావిడ మోచెయ్యి పట్టుకుని, “ఏమైందమ్మా?” అని అడిగింది అరుణశ్రీ.

“ఓలమ్మ, అది సూస్తే గాని తెల్దు తల్లీ” అంటూ ఆవిడ మళ్ళీ నవ్వడం మొదలెట్టింది.

తీసుకొచ్చిన అన్నయ్యేమో ఆ సమయానికి బజ్జీల బండి దగ్గరున్నాడు. వదిన శైలజ అప్పటికింకా ఆ ఇంటికి రాలేదు.

తర్వాత కొన్నాళ్ళకి ఎవరో ఆ నాటకం మాటలు ఫోనులో పెట్టి పంపారు. అరుణశ్రీ ఎన్నిసార్లు విన్నదో లెక్కలేదు. అక్కడికొచ్చేసరికి అదే మౌనం, అదే నవ్వు, ఆ వెనకే అన్న అలా చల్లబడిపోవడం. అంత కోపం కారణం లేకుండా ఎలా తగ్గుతుంది? రాసినవాడు అక్కడ చెయ్యి వదిలేశాడని తీర్మానించుకుంది. పదో తరగతి పిల్లలకి కూడా, “మనిషి మారినట్టు రాస్తే, ఎందుకు మారాడో చూపించాలి. చూపించకపోతే ఇదిగో, ఇలా అతుకు తెలిసిపోతుంది” అని ఆ నాటకాన్నే ఉదాహరణగా చెప్పేది. అలా చెప్పిన ప్రతిసారీ లోపల ఒక మూల, మరి జనం అంతలా ఎందుకు నవ్వారని సందేహం పీకుతూనే ఉండేది.

ఈ ఏడు వేసవి సెలవుల్లో ఒకరోజు శైలజ కుట్టుమిషను ఆపి కేకేసింది.

“అరుణా! నీ పేచీ నాటకం ఇజీనారంలో ఏస్తన్నారట. ఫోన్ల కాయితం పెట్టినారు. ఆదోరం సాయింత్రం.”

“నంబరుందా వదినా?”

“టికెట్టు అక్కర్నేదట.”

“టికెట్టు కోసం కాదు. నంబరుంటే చదువు.”

అవతల ఫోనెత్తింది జగన్నాధం. ఆ సమాజానికి పెద్ద ఆయనే, నాటకంలో అన్న వేషం కూడా ఆయనదే. ఆ గొంతు వినగానే అరుణశ్రీ గుర్తుపట్టింది. తను ఎవరో చెప్పి, చూపు లేదని చెప్పి, ఏ సంకోచమూ లేకుండా అడిగేసింది.

“‘కోసీద్దాం’ అన్న తరవాత జనం నవ్వుతారు కదండీ. ఎందుకు?”

జగన్నాధం వెంటనే అందుకున్నాడు. “అక్కడా? ఔనమ్మా, ఎక్కడాడినా అక్కడ నవ్వుతారు. అక్కడ నేను మొహం ఒకలాగ పెడతానమ్మా. కోపమూ సిగ్గూ కలిసి వస్తాయి. అది చూసి నవ్వుతారు.”

“చివరి వరసలో ఉన్నవాళ్ళు కూడానా?”

“అదీ… ఏమో మరి.”

“శృంగవరపుకోట మైదానంలో నవ్వు పక్క నుంచి మొదలైందండీ. మీ గొంతేమో మధ్యలోంచి వచ్చింది.”

ఇన్నేళ్ళుగా ఆడుతున్న నాటకం గురించి ఇలాంటి ప్రశ్న జగన్నాధాన్ని ఎవరూ అడగలేదు. ఇక తనే, “టీచరుగారూ, ఆదివారం పెందలాడే వచ్చెయ్యండి. స్టేజీ మీద సామానంతా సర్దుతూ ఉంటాం. చేత్తో ముట్టుకుని చూద్దురుగాని. అన్నీ ఎక్కడెక్కడుంటాయో తెలుస్తుంది కదా” అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం వదినా ఆడపడుచూ రైల్లో విజయనగరం చేరారు. నాటకం వేసే హాలుకి ముందు వైపు నిటారు మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ లేదు. పక్క గుమ్మం నుంచి పడవని లోపలికి ఎక్కించడానికి చెక్కలు ఏటవాలుగా వేశారు. శైలజ చుట్టూ చూసి, “పడవ ఎల్లిన దారిన మనం ఎల్లనేమేటి?” అంటూ అరుణశ్రీ చెయ్యి తన భుజం మీద వేయించుకుని ఆ చెక్కల మీదుగానే తీసుకెళ్ళింది.

జగన్నాధం ఎదురొచ్చాడు. గొంతుకున్నంత ఒడ్డూ పొడుగూ మనిషికి లేదు. చెయ్యి కలిపినప్పుడు ఆ చెయ్యి తన ఎత్తుకే ఉండడం అరుణశ్రీకి వింతగా తోచింది. ఇన్నాళ్ళూ ఆ అన్నని తాటిచెట్టంత మనిషిగా ఊహించుకుంది మరి.

ముందు పడవ చూపించాడు. ముక్కు వైపు సగమే నిజం పడవ. మిగతాది తడికెకి రంగేసింది. ఆమె ముక్కు కొస నుంచి తడుముకుంటూ వెళ్ళి, చెక్క ఆగిపోయి తడికె మొదలైన చోట ఆగింది.

“కొయ్యకుండానే సగం పడవండీ ఇది” అంది. లైట్ల పని చూసే ఈశ్వర్ పైనుంచి గట్టిగా నవ్వాడు.

తెడ్లు ముట్టుకుంది. ఊరిపెద్ద కర్ర ముట్టుకుంది. అన్న నిలబడే చోటు, తమ్ముడు నిలబడే చోటు కాలితో కొలుచుకుంది. తర్వాత ఎడమ వైపు నడుస్తుంటే కాలికి ఏదో తగిలింది. వంగి తడిమింది. పొట్టి పీట. పీట మీదా కిందా కుప్పగా వల. వలలో గుచ్చి ఉన్న వెదురు సూది.

“ఇది ఎవరిదండీ?”

“అదా, తల్లిది” అన్నాడు జగన్నాధం.

“ఎవరి తల్లి?”

“మా తల్లేనమ్మా. అన్నదమ్ముల తల్లి. నాటకం మొదట్నుంచీ అక్కడే కూర్చుని వల బాగుచేస్తుంటుంది.”

అరుణశ్రీ వల పట్టుకునే తలెత్తింది. “ఈ నాటకంలో తల్లి ఉందా?”

జగన్నాధానికి ఆ ప్రశ్న అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తల్లికి ఒక్క మాట కూడా లేదు. మైకులో వేషధారుల పేర్లు చదివేటప్పుడు కూడా మాటలున్న ముగ్గురివే చదివేవారు.

“ఏటీ, నా గురించేనా?” అంటూ తెర వెనక నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. ఆవిడ పేరు తాతమ్మ. కళింగపట్నంలో ఎండుచేపల బేరం ఆవిడది. సంగతి విని బుగ్గలు నొక్కుకుంది. “ఓలమ్మ! ఇన్నాళ్ళూ నాను ఉన్నట్టే నీకు తెల్దా తల్లీ? మాటలు నాకు గుర్తుండవమ్మా. రెండు ముక్కలు సెప్పమంటే మూడోది సెప్పీస్తాను. అందుకే జగన్నాధం బావ ఈ మూగేషం ఇచ్చినాడు.”

అరుణశ్రీకి ఒక్కసారిగా తట్టింది. నవ్వు పక్క నుంచి మొదలైంది. ఈ పీట కూడా స్టేజీకి ఒక పక్కనే ఉంది. “అంటే ఆ నవ్వు…”

“అదా?” తాతమ్మ ఉత్సాహంగా దగ్గరికొచ్చింది. “అక్కడ నానేటి సేస్తానంటే…”

“వద్దు! చెప్పకండి!” అరుణశ్రీ రెండు చేతులూ అడ్డం పెట్టింది. “ఇన్నేళ్ళు ఆగాను. నలుగురితో పాటు, ఆ చోటు వచ్చినప్పుడే తెలియాలి నాకు.”

తెలియాలంటే ఎవరో ఒకరు చెప్పాలి. హాల్లో పక్కన కూర్చుని చెబితే చుట్టుపక్కలవాళ్ళు ఊరుకోరు. ఈశ్వరే ఉపాయం చెప్పాడు. హాలు వెనక తన లైట్ల గదికి అద్దముంది. అక్కణ్ణుంచి స్టేజీ అంతా కనబడుతుంది, మాట మాత్రం బయటికి రాదు. శైలజ అక్కడ కూర్చుని ఫోనులో చెబితే, అరుణశ్రీ ఒక చెవిలో ఆ మాట, ఇంకో చెవిలో నాటకం వినొచ్చు.

“నేనా?” అంది శైలజ. “నాకేటొచ్చు సెప్పడం?”

“రోజంతా చెప్తూనే ఉంటావు కదా వదినా” అంది అరుణశ్రీ. “ఏదీ, ఇప్పుడు వాళ్ళేం చేస్తున్నారో చెప్పు.”

“ఒకడు తాడు లాగతన్నాడు. ఆడి సొక్కా నీలం. జేబు సిరిగింది, ఎవుడు కుట్టినాడో గాని కుట్టే బాగునేదు…”

“తాడు లాగితే ఏమవుతోంది?”

“తెర లేస్తంది.”

“అదీ చెప్పాల్సింది. చొక్కా సంగతి రైల్లో మాట్లాడుకుందాం. వాళ్ళు మాట్లాడుతున్నప్పుడు నువ్వు ఆగు. మాటకీ మాటకీ సందు దొరికినప్పుడు చెప్పు.”

“నువ్వు పిల్లలకి ఇలగే సెప్తావేటి? పాపం!” అంది శైలజ.

సాయంత్రం హాలు నిండింది. అరుణశ్రీని మూడో వరస చివర కూర్చోబెట్టారు. మైకులో పేర్లు చదువుతున్నాడు జగన్నాధం. ముగ్గురి పేర్లూ అయ్యాక, అలవాటు లేని పని కదా, కాస్త తడబడి, “తల్లిగా, తాతమ్మ” అన్నాడు. తెర లేచింది.

మొదట్లో శైలజ చెప్పేది చెవిలో గందరగోళంగా ఉంది. జగన్నాధం పంచె అంచు గురించి చెబుతూ తమ్ముడి మొదటి మాట మింగేసింది. వెంటనే నాలిక్కరుచుకుని, “అయ్యో, ఆగుతాను” అంది. ఆ తర్వాత మెల్లిగా దారిలో పడింది.

“అమ్మ వల కుడతంది. తలెత్తనేదు.”

“తమ్ముడు పడవెక్కి కూకున్నాడు. అన్న కిందే ఉన్నాడు.”

“అమ్మ దారం గట్టిగ లాగింది. అన్న అటు సూసి మొకం తిప్పీసినాడు.”

కంఠతా వచ్చిన మాటలే. కానీ అరుణశ్రీ వాటిని ఇప్పుడే మొదటిసారి వింటున్నట్టు వింటోంది. “ఈ ఇంట్ల నా మాట ఇన్నోళ్ళెవురు?” అని అన్న అడిగే మాట ఒకటుంది. ఊరికే గాల్లోకి అన్నాడనుకునేది ఇన్నాళ్ళూ. “అమ్మకేసి సూసి అన్నాడే ఆ మాట” అంది శైలజ చెవిలో. “అమ్మ పలకనేదు. పంటితో దారం తెంపింది.”

అరుణశ్రీ కుర్చీ అంచు పట్టుకుంది. ఎవరూ జవాబు చెప్పరెందుకని తను విసుక్కున్న చోటల్లా ఒక మనిషి కూర్చుని ఉంది. ఇంతకాలం అన్నదమ్ములు ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారనుకుంది. వాళ్ళు అరుస్తున్నది తల్లి వినాలని.

తగువు ముదిరింది.

“అయితే పడవని సగానికి కోసీద్దాం రా!”

“కోసీద్దాం! నాకేటి బయ్యం?”

మౌనం. శైలజ గొంతు గుసగుసలోకి దిగింది. “అమ్మ సూది కింద ఎట్టింది. లేసింది. మెల్లిగ నడుస్తంది… పడవ ఎనక్కి ఎల్లింది. వంగింది. ఏటో తీస్తంది. ఏటబ్బా అది… పొడుగ్గా… ఓలమ్మో!”

అంతే. ఆ తర్వాత చెవిలో ఒక్క మాట లేదు. శైలజ పగలబడి నవ్వుతోంది. ఊపిరి అందక, బల్ల మీద చరుస్తూ నవ్వుతోంది. ఆ చెవిలో వదిన నవ్వు, ఈ చెవిలో హాలంతా నవ్వు. మధ్యలో అరుణశ్రీ.

“వదినా! ఏంటది? చెప్పవే!” అని గొంతు అణుచుకుని అడిగింది. అటు నుంచి నవ్వు తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ శృంగవరపుకోట చాప మీదే కూర్చున్నట్టనిపించి ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనయింది.

హాలు సద్దుమణిగింది. “సర్లే, రేపు మాటాడుకుందాం” అన్నాడు అన్న. ఊరిపెద్ద గొంతు సవరించుకుని, పోయిన తండ్రి గురించి చెప్పడం మొదలుపెట్టాడు. నాటకంలో అందరూ కదలకుండా వినే ఘట్టం అది. ఆయన ఆ సముద్రం గురించీ, తిరిగిరాని ఆ రాత్రి గురించీ చెప్పి కాస్త ఆగాడు.

అప్పుడు తేరుకుంది శైలజ. “రంపం! రంపమే! పడవ కోసీ రంపం తెచ్చి ఇద్దరి మద్దిన ఎట్టీసి, ఏటీ ఎరగనట్టు ఎల్లి మళ్ళీ వల కుట్టుకుంటంది!”

అరుణశ్రీ నోరు మూసుకుందామనే అనుకుంది. వల్ల కాలేదు. అంత నిశ్శబ్దంలో, పోయిన తండ్రి తలపులో హాలంతా మునిగి ఉండగా, ఆమె ఒక్కతే గట్టిగా, విరగబడి నవ్వేసింది.

జనం తలలు తిప్పి చూశారు. స్టేజీ మీద ఊరిపెద్ద తర్వాతి మాట మరిచిపోయాడు. జగన్నాధం మాత్రం మూడో వరస చివర వైపు చూసి, సంగతి గ్రహించాడు. కింద పడున్న రంపాన్ని ఒకసారి చూసి, దానికి దూరంగా రెండడుగులు వెనక్కి వేశాడు. దాంతో ముందు వరసలో ఎవరో ఫక్కున నవ్వారు. హాలంతా రెండోసారి నవ్వింది. ఈసారి అరుణశ్రీ వాళ్ళతో పాటే ఉంది.

“అమ్మ నీకేసే సూస్తంది అరుణా” అంది శైలజ చెవిలో. “నవ్వు ఆపుకుంటంది. దారం పళ్ళ కింద ఎట్టీసింది.”

నాటకం అయ్యాక జగన్నాధం గబగబా వచ్చాడు. అరుణశ్రీ లేచి నిలబడి, “క్షమించండి, ఏడవాల్సిన చోట నవ్వేశాను” అంది.

“అదలా ఉంచండి. అక్కడ నా మొహం…” అని శైలజ వైపు తిరిగాడు ఆయన. “మీరు చూశారు కదమ్మా, నా మొహం ఎలా ఉంది?”

“మీ మొకం నేను సూడ్నేదండి” అంది శైలజ నిజాయితీగా. “రంపాన్నే సూసేను.”

జగన్నాధం తనూ నవ్వేశాడు.

తాతమ్మ రంపం తెచ్చి అరుణశ్రీ చేతికిచ్చింది. నిజం రంపమే. పళ్ళకి గుడ్డ చుట్టారు. “చప్పుడు ఎందుకు రాలేదండీ?” అని అడిగింది అరుణశ్రీ. తాతమ్మ ఆమె వెనక నిలబడి, ఆమె రెండు చేతుల కిందా తన చేతులు పెట్టి, రంపంతో పాటు మెల్లిగా కిందికి వంగించింది. పసిబిడ్డని నిద్రలో పడుకోబెట్టినట్టు దాన్ని నేల మీద ఆనించి, చేతులు ఒక్కొక్కటే తీసింది. అంత కోపం ఎందుకు తగ్గిపోయిందో అరుణశ్రీకి ఆ వంగడంలో తెలిసింది. పిల్లలకి చెప్పిన మాట బడి తెరవగానే దిద్దుకోవాలనుకుంది.

తిరుగు రైల్లో శైలజ గొంతు బొంగురుపోయింది. అయినా అరుణశ్రీ వదలలేదు. వల ఏ రంగు? తమ్ముడు పడవ దిగాడా? చివర్లో అన్నదమ్ములిద్దరూ కలిసి వేటకి వెళ్తున్నప్పుడు తల్లి ఏం చేసింది?

“ఏటి సేసిందో” అంది శైలజ.

“అదేంటి, చూశావు కదా?”

“ఆల్లిద్దరూ పడవ తోస్తంటే ఆల్లనే సూసేనే. అమ్మని మర్సిపోయేను. అటుపక్క దీపం కూడా నేదు.”

అరుణశ్రీకి ఇక కుదురు లేదు. పొద్దున్నే తాతమ్మకి ఫోను చేసింది. వెనక చేపల బేరాల గోల వినబడుతోంది.

“ఆకర్లోనా?” తాతమ్మ నవ్వింది. “ఏటీ సెయ్నమ్మా. నా మీద దీపం తీసెస్తారు. అంతసేపు పీట మీద కూకుంటే మోకాళ్ళు పట్టీవా? సీకట్ల బారజాపుకుని కూకుంటాను. ఎవులికీ కనపడ్నని ఒకోపాలి కునుకు కూడా తీస్తాను. జగన్నాధం బావకి సెప్పీకు తల్లీ!”

అరుణశ్రీ నవ్వి, చెప్పనని మాటిచ్చింది.

“వొచ్చే నెల సీకాకులంలో ఉన్నాది నాటకం” అంది తాతమ్మ. “మా పక్కీదిలో ఇద్దరున్నారు, నీలాగే సూపు నేనోళ్ళు. ఆల్లనీ తెమ్మన్నాడు బావ. సెక్రాల కుర్సీలో తిరిగీ మా లక్ష్ముడికి కూడా పడవ సెక్కల మీంచే దారి అట. మీ ఒదిన వొస్తాదా?”

అరుణశ్రీ ఫోను చేత్తో మూసి లోపలికి కేకేసింది. మిరియాల పాలు తాగుతున్న శైలజ, పైకి రాని గొంతుతో, “వస్తానని సెప్పు. ఈపాలి నవ్వన్లే” అంది.